ఆ ఆడపిల్లల్ని అక్కడికి పంపిందెవరు?

లాండ్రీ అనగానే మీకేం గుర్తొస్తుంది చెప్పండి? గంజి పెట్టిన నేత చీరలు, ఎంత రుద్దినా వదలని కాలరు మురికి, ఇస్త్రీకి వేసిన బట్టల లెక్క రాసుకునే చిన్న పుస్తకం... నాకూ అంతే, మొన్న మొన్నటి దాకా. ఆ మాట వెనక ఒక దేశంలో ఇంత ఏడుపు ఉందని 'ది మాగ్డలీన్ సిస్టర్స్' అనే ఇంగ్లీషు సినిమా చూశాకే తెలిసింది. తర్వాత మూడు రోజుల పాటు డాబా మీద దుప్పట్లు ఆరేస్తుంటే ఆ పిల్లలే కళ్ళముందు మెదిలారు. అందుకే ఈ నాలుగు ముక్కలు మీతో చెప్పుకోవాలనిపించింది.

ఇది కొత్త సినిమా ఏం కాదు, ముందే చెప్పేస్తున్నాను. 2002లో వచ్చింది. తీసినాయన పీటర్ మల్లన్, స్కాట్లండ్ ఆయన, నటుడు కూడా. ఆ యేడు వెనిస్ చిత్రోత్సవంలో అన్నిటికన్నా పెద్ద బహుమతి, గోల్డెన్ లయన్, దీనికే ఇచ్చారు. వాటికన్ వాళ్ళకి మాత్రం బాగా కోపం వచ్చింది. హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్న మా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి పెట్టింది. నాది ఇంటర్మీడియెట్ చదువు. ఆ ఐర్లండ్ యాస ఒక్క ముక్క పట్టుబడితే ఒట్టు! కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ, అర్థం కానిచోట అమ్మాయిని గిల్లి అడుగుతూ చూశాను. పక్కన మా అత్తయ్యగారు వత్తులు చేసుకుంటూ కూర్చున్నారు. మావారు పేపరు అడ్డం పెట్టుకుని, చూడనట్టే చూశారు.

కథ 1964లో డబ్లిన్ ప్రాంతంలో మొదలవుతుంది. ఆ దేశంలో అప్పుడు కాథలిక్ సన్యాసినులు నడిపే లాండ్రీలు ఉండేవి. పాపం చేసి పశ్చాత్తాపపడిన స్త్రీగా చెప్పుకునే మేరీ మాగ్డలీన్ పేరు వాటికి పెట్టారు. ఇలాంటి ఆశ్రయం డబ్లిన్‌లో మొదటిది తెరిచింది 1767లోనట. దారి తప్పారని లోకం అనే ఆడవాళ్ళకి కొన్నాళ్ళు నీడ ఇవ్వడానికని మొదలైంది, పోనుపోను తాళాలు వేసిన జైలయి కూర్చుంది. హోటళ్ళవీ ఆస్పత్రులవీ దుప్పట్లూ తువ్వాళ్ళూ వీళ్ళు ఉతకాలి. జీతం లేదు. ఎప్పుడు వదిలిపెడతారో తెలీదు. చాలామందికి జుట్టు కత్తిరించి, ఉన్న పేరు తీసేసి వేరే పేరు పెట్టేవారు. బట్టల మురికితో పాటు పాపమూ పోతుందని నమ్మకం. ఎవరి పాపం అని మాత్రం అడక్కండి!

సినిమా ఒక పెళ్ళింట్లో మొదలవుతుంది. అచ్చం మన పెళ్ళిళ్ళలాగే ఉందండీ. పాటలు, డప్పు, నవ్వులు, మూలన కూర్చున్న ముసలమ్మలు. మార్గరెట్ అనే పిల్లని వరసకి సోదరుడయ్యేవాడు (మేనత్త కొడుకో పెద్దమ్మ కొడుకో, వాళ్ళకి అందరూ కజినే!) మాయమాటలు చెప్పి మేడ మీది గదిలోకి తీసుకెళ్ళి పాడుచేస్తాడు. ఆ పిల్ల కిందికి వచ్చి, ఏడుపు ఆపుకుంటూ, పక్కనున్న ఒకమ్మాయి చెవిలో చెబుతుంది. అక్కణ్ణించి ఆ కబురు ఒకరి చెవిలోంచి ఇంకొకరి చెవిలోకి పోతుంది. మనకి ఒక్క మాటా వినిపించదు. పాట హోరు, పెదవుల కదలిక, అంతే. చివరికి మగవాళ్ళందరూ ఒకచోట చేరతారు. ఫాదరు కూడా ఉంటాడు. మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ అందరి చూపులూ ఒక్కసారి ఇటు తిరుగుతాయి. వాడి వైపు కాదు. ఆ పిల్ల వైపు!

అప్పటికే నాకు అర్థమైపోయింది. మర్నాడు తెల్లారకుండానే వాళ్ళ నాన్న నిద్రలేపి కారెక్కించేశాడు. చిన్న తమ్ముడొక్కడే లేచి, అక్కని ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడుగుతాడు. వాడికెవరూ జవాబు చెప్పరు.

ఇంక రోజ్ అనే పిల్ల సంగతి. పెళ్ళికాకుండా తల్లయింది. ఆస్పత్రి మంచం మీద పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఉంటుంది. పక్కన కుర్చీలో తల్లి కూర్చుని ఉంటుంది, ఎటో చూస్తూ. అమ్మా, చూడమ్మా, ఎంత బాగున్నాడో అని రోజ్ బతిమాలుతుంది. ఆ తల్లి తల తిప్పదు. ఒక్కసారి, ఒక్క క్షణం, మనవడి ముఖం చూస్తే తన పట్టుదల కరిగిపోతుందని భయమేమో! బయట తండ్రీ ఫాదరూ కాగితాలు సిద్ధం చేసి ఉంచుతారు. రోజ్ సంతకం పెడుతుంది. బిడ్డని తీసుకుపోతుంటే మనసు మారి వెంటపడుతుంది, తండ్రి పట్టుకుని ఆపేస్తాడు. లాండ్రీకి వెళ్ళాక, రోజ్ అనే పేరుతో ఇంకొకామె ఉంది కనుక నువ్వు పట్రీషియావి అంటారు. బిడ్డా పోయాడు, పేరూ పోయింది. పురిటి పచ్చి ఆరకుండా బిడ్డ దూరమైతే పాలు గడ్డకట్టి ఎంత బాధపెడతాయో మనలో పిల్లల్ని కన్నవాళ్ళకి వేరే చెప్పాలా? ఆ స్థితిలో వేడినీళ్ళ తొట్ల దగ్గర నిలబడి ఊరివాళ్ళ దుప్పట్లు ఉతకడం!

మూడో అమ్మాయి బెర్నడెట్ అనాథ. చేసిన నేరమల్లా అందంగా ఉండటం, గోడ అవతలి కుర్రాళ్ళతో నవ్వుతూ మాట్లాడటం. నాలుగో ఆమె క్రిస్పినా, కాస్త బుద్ధి ఎదగని పిల్ల. ఆమెకీ ఒక కొడుకున్నాడు. వాళ్ళ అక్క ఎప్పుడైనా ఆ పిల్లవాణ్ణి గేటు దాకా తీసుకొస్తే, బట్టలు ఆరేసే తీగల మధ్య నుంచి చూసుకుని మురిసిపోతుంది. మెడలో ఒక బిళ్ళ ఉంటుంది. దానితో మాట్లాడితే కొడుక్కి వినిపిస్తుందని నమ్ముతుంది. ఆమె గతి ఏమయిందో నేను చెప్పను, చూసేవాళ్ళు చూడండి. గుండె దిటవు చేసుకుని మాత్రం చూడండి. ఆ సిస్టర్లు పిల్లల్ని బట్టల్లేకుండా నిలబెట్టి నవ్వే ఘట్టం ఒకటుంది, నేను తల దించేసుకున్నాను.

ఇంతా చేసి నన్ను బాగా కుదిపింది సిస్టర్లు కాదండీ. ఉనా అనే పిల్ల పారిపోయి ఇంటికి వెళ్తే, తండ్రే జుట్టు పట్టుకుని రాత్రిపూట తిరిగి ఈడ్చుకొస్తాడు. నీకు తల్లీ లేదు, తండ్రీ లేడు అని అరుస్తూ కొడతాడు. ఆ తండ్రి వేషం దర్శకుడే వేశాడట. ఇంకొకచోట మార్గరెట్‌కి తోటగోడ తలుపు తెరిచి కనిపిస్తుంది. బయటికి అడుగు పెడుతుంది. ఎదురుగా ఖాళీ రోడ్డు. ఒక కారు ఆగుతుంది, ఎక్కమంటాడు ఒకడు. ఆ పిల్ల ఒక్క నిమిషం నిలబడి, తనంతట తనే మళ్ళీ లోపలికి వచ్చేస్తుంది. ఎక్కడికి పోతుంది పాపం? ఇంటికి వెళ్తే ఉనా గతే కదా. అక్కడ తాళం గేటుకి కాదు, పుట్టింటికి వేశారు.

ఆ ఘట్టం దగ్గర మా అత్తయ్యగారు వత్తి చేయడం ఆపి, "ఏమే, ఆ పిల్ల తల్లికి నోరు ఎక్కడికి పోయింది?" అన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కథంతా ఆవిడకి అందింది. మా అమ్మాయి వెంటనే నావైపు తిరిగి, "అమ్మా, నాకలా అయితే నువ్వేం చేస్తావు?" అంది. అడగడానికి అది నవ్వుతూనే అడిగింది. పేపరు వెనక మావారి కాళ్ళు ఊగడం ఆగిపోయింది. "అలాంటి మాటలు నోట రానీయకు" అనడం మనకి అలవాటు. నేనలా అనలేదు. "ముందు నాకు చెప్పు. మీ ఫ్రెండ్సుకి కాదు, ఆ అబ్బాయికి కాదు, నాకు చెప్పు. తరవాతి సంగతి నువ్వూ నేనూ కూర్చుని చూసుకుందాం" అన్నాను. "నాన్నకో?" అంది. "నాన్నకి నేను చెబుతాను" అన్నాను. మావారు పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం, "హాస్టల్లో ఫోను రాత్రుళ్ళు కూడా పనిచేస్తుందా అమ్మా?" అని అడిగారు దాన్ని. ఆయన పద్ధతి అంతే.

నాకు అలా జవాబు చెప్పే ధైర్యం ఎక్కడిదంటే, మా అమ్మమ్మగారి ఊళ్ళో చిన్నప్పుడు చూసిన ఒక అమ్మాయి వల్ల. వెనక వీధిలో ఉండేది. సంక్రాంతి నెలలో గొబ్బిళ్ళ పాటలు మా అందరికీ నేర్పేది ఆ అమ్మాయే. ఒక యేడు గొబ్బిళ్ళకి రాలేదు. ఏదమ్మా అంటే, పెదనాన్నగారి ఊరు వెళ్ళింది, కుట్టుపని నేర్చుకోవడానికి అన్నారు. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఆడవాళ్ళు గుసగుసలాడుకునేవారు, మేము దగ్గరికి వెళ్తే మాట మార్చేసేవారు. వేసంకాలం పోయాక వచ్చింది. సగమైపోయింది మనిషి. రెండు నెలలు తిరక్కుండా, ఇద్దరు పిల్లలున్న రెండో సంబంధం వాడికిచ్చి చేసేశారు. ఆ పెళ్ళికి మేమూ వెళ్ళాం. లడ్డూలు పంచారు. బిడ్డ ఏమయిందో, అసలు ఉందో లేదో ఊళ్ళో ఒక్కరూ పైకి అడగలేదు. కుట్టుపని మాత్రం ఆ అమ్మాయికి రాదు. వస్తే పెళ్ళి జాకెట్టు పక్క ఊరి టైలరుకి ఎందుకిస్తారు చెప్పండి!

సిస్టర్లనే తిట్టిపోసి చేతులు కడుక్కోవడం తేలికే. నేను ఇంకో మాట కూడా చెప్పాలి. నేను అయిదో తరగతి దాకా చదివింది సిస్టర్ల స్కూల్లోనే. కాడకుట్టు, గొలుసుకుట్టు వాళ్ళే నేర్పారు. మా తమ్ముడికి టైఫాయిడ్ వస్తే రాత్రంతా మేలుకుని చూసిందీ ఒక సిస్టరే. అందుకే ఈ సినిమాలో నోట్లు లెక్కపెట్టుకుంటూ ఆడపిల్లల్ని లోపలికి తీసుకునే సిస్టర్ బ్రిజెట్‌ని చూస్తే నాకు మరింత బాధ కలిగింది. కానీ ఆ పిల్లల్ని ఆవిడ ఇళ్ళలోకి వెళ్ళి ఎత్తుకురాలేదు కదా! గుమ్మం దాకా దించి వెళ్ళినవాళ్ళలో కన్నవాళ్ళున్నారు, ఫాదర్లున్నారు, ప్రభుత్వమూ ఉంది. 2013లో ఐర్లండ్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. 1922 నుంచి లెక్క తీస్తే పదివేల మందికి పైగా ఈ లాండ్రీల్లోకి వెళ్ళారు. 9 ఏళ్ళ పిల్ల దగ్గర్నుంచి 89 ఏళ్ళ ముసలావిడ దాకా! నాలుగో వంతు మందికి పైగా వెళ్ళింది ప్రభుత్వం చేతుల మీదుగానే. అందరూ పెళ్ళికాని తల్లులు కారు. దిక్కులేనివాళ్ళు, బీదవాళ్ళు, మార్గరెట్ లాగా పాడయిపోయిన పిల్లలు, అందరూ ఉన్నారు.

పెళ్ళికాకుండా గర్భం వచ్చినవాళ్ళకి విడిగా తల్లీబిడ్డల హోములుండేవి. వాటి మీద 2021 జనవరిలో ఇంకో నివేదిక వచ్చింది. 18 చోట్ల లెక్క తీస్తే సుమారు 56,000 మంది తల్లులు, 57,000 మంది పిల్లలు. ఆ పిల్లల్లో దాదాపు 9,000 మంది అక్కడే చనిపోయారు. ఆ అంకె చదివి నేను పుస్తకం మూసి పక్కన పెట్టినట్టు ఫోను పక్కన పెట్టేశాను. ఆ నివేదిక, ఎక్కువ బాధ్యత బిడ్డల తండ్రులదీ ఆ ఆడపిల్లల సొంత కుటుంబాలదీ అంది. ప్రభుత్వమూ చర్చీలూ దానికి వంత పాడాయంది. బతికున్న తల్లులకి ఆ మాట నచ్చలేదు, పెద్దవాళ్ళని వదిలేసి మా అమ్మానాన్నల మీదకి తోస్తారా అని మండిపడ్డారు. వాళ్ళ కోపం న్యాయమే. జనం భయపడేలా చేసిందెవరు మరి? గర్భం రాకుండా వాడే సాధనాల అమ్మకం ఆ దేశంలో 1935 నుంచి 1980 దాకా నిషేధం. పెళ్ళికాని తల్లికి ప్రభుత్వం నాలుగు రాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది 1973లో. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డకి చట్టంలో ఉన్న తక్కువ చూపు తీసేసింది 1987లో. అయినా నాకు రోజ్ తల్లి ముఖమే గుర్తొస్తుంది. చట్టం ఆవిణ్ణి కట్టేసింది, నిజమే. తల తిప్పి బిడ్డని చూడొద్దని ఏ చట్టం చెప్పింది?

ఇంక ఆ మగవాడు? సినిమా అంతా వెతికినా మార్గరెట్‌ని పాడుచేసినవాడికి శిక్ష పడినట్టు కనిపించదు. రోజ్ బిడ్డకి తండ్రెవరో పేరు కూడా వినిపించదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో కూడా అంతే. ఆ మనిషెవరో ఊరందరికీ తెలుసనుకుంటాను, తరవాత కూడా రచ్చబండ మీద కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉంటాడు.

మన దేశంలోనే ఒక ఇంటి సంగతి చెప్తాను. 1863లో పుణెలో జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు తమ ఇంట్లోనే గర్భం వచ్చిన వితంతువుల కోసం ఒక శరణాలయం తెరిచారు. వచ్చి ప్రసవించండి, బిడ్డని తీసుకెళ్తారో ఇక్కడే వదిలి వెళ్తారో మీ ఇష్టం అన్నారు. అక్కడికి వచ్చిన ఒకావిడ బిడ్డనే తరవాత పెంచుకుని యశ్వంత్ అని పేరు పెట్టి, డాక్టరుని చేశారు. పిల్లలు లేని సావిత్రీబాయి పురుళ్ళు పోసి చేతులు పాడయ్యాయనుకోలేదు. నూట అరవై ఏళ్ళ కింద! ఇప్పుడు చట్టాలూ కాస్త మారాయి. పెళ్ళికాని తల్లి తన బిడ్డకి తానొక్కతే గార్డియన్ కావచ్చనీ, తండ్రి పేరు బయట పెట్టమని బలవంతం చేయకూడదనీ సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. గర్భస్రావం విషయంలో పెళ్ళయినవాళ్ళకీ కానివాళ్ళకీ తేడా చూపించకూడదని 2022 సెప్టెంబరులో చెప్పింది. ఇవి మన ఆడపిల్లలకి తెలియకపోతే మనమైనా తెలుసుకుని ఉంచుకోవాలి. తెలిస్తే పాడైపోతారని భయపడేవాళ్ళుంటారు. మా అమ్మమ్మగారి ఊరి అమ్మాయికి ఏమీ తెలియదండీ, తెలియకే అయింది అదంతా.

లాండ్రీలు ఎలా మూతపడ్డాయో తెలుసా? మనసులు కరిగి కాదు. ఇళ్ళల్లోకి వాషింగ్ మెషీన్లు వచ్చి బేరాలు తగ్గిపోవడం కూడా ఒక కారణమని చరిత్ర రాసినవాళ్ళు అంటారు. 1993లో డబ్లిన్‌లో ఒక లాండ్రీ వాళ్ళు స్థలం అమ్ముకుంటూ, అందులోని సమాధులు వేరేచోటికి మార్చడానికి 133 శవాలకి అనుమతి తీసుకున్నారు. తవ్వితే 155 బయటపడ్డాయి. ఇరవై రెండు మంది లెక్కలోనే లేరు! అప్పుడు జనం కాస్త ఉలిక్కిపడ్డారు. చివరి లాండ్రీ మూసింది 1996 అక్టోబరులో. అప్పటికి మనం కేబుల్ టీవీలో సీరియళ్ళు చూస్తున్నాం. 2013 ఫిబ్రవరి 19న ప్రధానమంత్రి ఎండా కెన్నీ పార్లమెంటులో ఆ ఆడవాళ్ళకి క్షమాపణ చెప్పాడు. చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

క్షమాపణల కన్నా ముందు ఆ దేశంలో ఇంకొకటి జరిగింది. 1984 జనవరి 31న గ్రనార్డ్ అనే చిన్న ఊళ్ళో ఆన్ లవెట్ అనే పదిహేనేళ్ళ స్కూలు పిల్ల, చర్చి పక్కన మేరీమాత విగ్రహం ఉండే గుహ దగ్గర, వానలో, ఒంటరిగా ప్రసవించింది. స్కూలు నుంచి ఇంటికి వెళ్ళే పిల్లలు చూశారు. మగబిడ్డ అప్పటికే పోయాడు, ఆ సాయంత్రం ఆ పిల్లా పోయింది. తొమ్మిది నెలలు ఆ పిల్ల ఆ ఊళ్ళోనే తిరిగింది. మాకేం తెలియదు అంది ఊరు.

ఆ రోజుల్లో గే బర్న్ అనే ఆయన రేడియోలో పొద్దుటిపూట ఒక కార్యక్రమం నడిపేవాడు. వంటింట్లో రేడియో పెట్టుకుని పనిచేసుకునే ఆడవాళ్ళు దానికి పెద్ద శ్రోతలు. ఆ పిల్ల పోయిన కబురు విన్నాక దేశం నలుమూలల నుంచీ ఆయనకి ఉత్తరాలు రావడం మొదలైంది. నాకూ ఇలాగే అయిందనీ, పశువుల కొట్టంలో ఒక్కదాన్నే కన్నాననీ, నా బిడ్డని తీసుకుపోయారనీ, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలేదనీ. ముసలివాళ్ళు కూడా రాశారు. ఫిబ్రవరిలో ఒకరోజు మామూలు కార్యక్రమం పక్కన పెట్టేసి ఆ ఉత్తరాలు చదివారు. చదివినవాళ్ళు మధ్యలో తమ మాటలేమీ కలపలేదు. ఒక ఉత్తరం అయ్యాక ఇంకొకటి, అది అయ్యాక మరొకటి, అంతే.